వైరు మేమే లాగాం

భావనపాడు
9 మార్చి 2015

స్వర్ణకు,

ఏసుదానం చిన్నాన్న రాస్తున్నాను. ఇక్కడ అందరం ఉన్నాం. నీ ఆరోగ్యం ప్రభువు చూసుకుంటున్నాడని తలుస్తాను. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో నాకు మాట రాదు. అవతల మనిషి ఊపిరి వినిపిస్తే చెప్పాలనుకున్నది మరిచిపోతాను. అందుకని కాగితం.

ఒక సంగతి తెలుసుకోవాలి. తుఫాను తరువాత మా పడవలకి పసుపు రంగు పెట్టెలు ఇచ్చారు. సముద్రంలో ఆపద వస్తే ఎర్ర బొత్తాం నొక్కాలి. కబురు ఆకాశం మీదుగా ఆఫీసుకి పోతుంది, అక్కడి నుంచి మనుషులు వస్తారు అని చెప్పారు. పెట్టె అడుగున విజయనగరం కంపెనీ పేరు ఉంది. అది నీ కంపెనీయే అని మీ పిన్ని అంది.

పోయిన నెల మీ పిన్ని తమ్ముడు కొండబాబు పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. బొత్తాం నొక్కారు. పచ్చ దీపం మిణుకుమంటూనే ఉంది. దీపం ఉంది కదా, కబురు పోయిందనుకున్నారు. అప్పటికి ఒడ్డువైపు గాలి ఉంది. తెరచాప కడితే మెల్లగా వచ్చేసేవారు. కానీ ఉన్నచోట ఉంటేనే వెతికేవాళ్ళకి దొరుకుతామని కూర్చున్నారు. గాలి తిరిగింది. ఎవరూ రాలేదు. నీళ్ళు అయిపోయాక నాలుక చెక్కలాగ అయిపోతుంది, మాట కూడా రాదు. ఒడిసా వైపు కొట్టుకుపోతే అక్కడి పడవ వాళ్ళు తాడేసి లాగారు. ప్రాణాలకి భయం లేదు.

తరువాత కంపెనీ మనిషి వచ్చి పెట్టెలన్నీ విప్పి చూశాడు. చాలా పెట్టెలు చచ్చిపోయి ఉన్నాయట. ఒక ఆదివారం మీరు వైర్లు లాగేశారు, అందుకే పోయాయి అన్నాడు. లాగిన మాట నిజం. మన సంగతి నీకు తెలుసు కదా. కొత్త వల కొన్నా, ఇంజను కొన్నా గుడికి తెచ్చి ప్రార్థన చేయించుకుంటాం. పెట్టెలు కూడా అలాగే వైర్లు ఊడదీసి తెచ్చాం. మన గుడికి రాని గంగులు కూడా తెచ్చాడు. ప్రార్థన అయ్యాక అదే పెట్టెని గంగమ్మ దగ్గరికీ పట్టుకెళ్ళాడు.

వైరు లాగితే పెట్టె చస్తుందా? చస్తే దీపం ఎందుకు వెలిగింది? కోపంతో అడగడం లేదు. తెలియక అడుగుతున్నాను.

ఏసుదానం చిన్నాన్న


విజయనగరం, కంటోన్మెంటు
20 మార్చి 2015

చిన్నాన్నా,

ఆఫీసు నుంచి వచ్చేసరికి నీ కవరు గుమ్మంలో ఉంది. నీ చేతిరాత చూసి ముందు భయమేసింది. నువ్వు ఊరికే రాసే మనిషివి కాదు. కొండబాబు మావయ్య తేరుకున్నాడా? పిన్ని ఎలా ఉంది?

అడిగావు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. పెట్టెకి కరెంటు అందగానే ముందు ఒక చిన్న ప్రోగ్రాం లేస్తుంది. దాన్ని మేము బూట్‌లోడర్ అంటాం. మన ఇంట్లో పిన్ని ముందు లేచి, పొయ్యి రాజేసి, ఆ తరువాత నిన్ను లేపుతుంది చూడు, అలాంటిది. అసలు పని చేసేది పెద్ద ప్రోగ్రాం. కబురు పంపేదీ అదే, ఒడ్డున వేసిన స్తంభం మాట వినేదీ అదే. దాన్ని లేపడం వరకే చిన్నదాని పని.

ఆ ఆదివారం కంపెనీ పెట్టెలకి కొత్త పెద్ద ప్రోగ్రాం పంపింది. ఆదివారం మీరు వేటకి పోరు, పడవలన్నీ ఒడ్డున ఉంటాయి, స్తంభం సిగ్నలు అందుతుంది అని ఆ రోజే ఎంచుకున్నారు. అయితే ఆ పెట్టెల్లో పెద్ద ప్రోగ్రాం ఉండడానికి ఒకటే గది. కొత్తది పాతదాని మీదే రాసుకుంటూ పోతుంది. సగం రాసేసరికి మీరు వైరు తీసి గుడికి పట్టుకెళ్ళారు. ఇక పాతదీ లేదు, కొత్తదీ లేదు.

మళ్ళీ వైరు పెట్టాక చిన్నది లేచింది. దీపం వేసింది. పెద్దదాన్ని లేపబోయింది. అది పలకలేదు. పెద్దది పలకకపోతే పెట్టెని మొదటి నుంచి లేపే గడియారం ఒకటి లోపల ఉంటుంది. అది లేపింది. మళ్ళీ దీపం, మళ్ళీ పడిపోవడం. సముద్రంలో మీరు చూసిన మిణుకు అదే. బాగున్న పెట్టె దీపమూ మిణుకుమంటుంది, చచ్చిన పెట్టె దీపమూ మిణుకుమంటుంది. ఏ కంటికైనా తేడా తెలియదు. పడవ బ్యాటరీ కూడా అలా లేచి పడడానికే ఖర్చయిపోతుంది.

మీ తప్పు లేదు. వైరు అన్నాక ఊడుతుంది. కానీ నేను ఇలా అన్నానని ఎవరితోనూ అనకు. ఆఫీసు సంగతులు బయట మాట్లాడకూడదని మాకు గట్టిగా చెప్పారు. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టెయ్యి. మా మేనేజరు గిరిబాబు గారు సరిచేయిస్తారనే నమ్మకం ఉంది. మొన్నటి తుఫానులో వాళ్ళ ఇంటి రేకులు కూడా ఎగిరిపోయాయి. గాలి అంటే ఏమిటో తెలిసిన మనిషే.

స్వర్ణ


భావనపాడు
22 ఏప్రిల్ 2015

స్వర్ణకు,

ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. బైబిల్లో పెట్టాను. ఇంట్లో దాన్ని తెరిచేది మీ పిన్ని ఒక్కతే.

వేట నిషేధం వచ్చింది. పడవలు ఒడ్డెక్కాయి. వలలు కట్టుకుంటున్నాం.

కంపెనీ మనిషి మళ్ళీ వచ్చాడు. వైరు ఊడకుండా జిగురు పోసి పెట్టెలు బిగించేస్తారట. ఇక గుడికి తేకూడదట. పెట్టెలు చెడిపోయింది మేము వైరు లాగడం వల్లనే, కంపెనీ తప్పేమీ లేదు అని పడవల వాళ్ళందరూ కాగితం మీద సంతకం పెట్టాలట. పెడితే నిషేధం తీరేలోపు పెట్టెలు ఇస్తారు. ఒక్కరు తగ్గినా ఎవరికీ ఇవ్వరు.

పడవల సంఘం ప్రెసిడెంటు గంగులే. ముందు అతను పెట్టాడు. వరసగా అందరూ పెట్టారు. కొండబాబు నడుపుతున్నా పడవ కాగితాల్లో ఉన్నది నా పేరు కనుక నా దగ్గరికి వచ్చింది. పెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను. ఎందుకో చెప్పమన్నారు. చెప్పలేకపోయాను. లేచి వచ్చేశాను.

వెనక నుంచి గంగులు అన్నాడు. "బావ తన మాటలన్నీ నౌపడ ఉప్పు మడుల్లో ఆరబెట్టాడర్రా. ఇంకా తయారవ్వనేదు." అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. కానీ వెనక్కి వెళ్ళలేదు.

ఇప్పుడు నా వల్ల ఎవరికీ పెట్టెలు రావని ఊళ్ళో మాట. బుల్లమ్మ నిన్న మీ పిన్నికి చేపల తట్ట ఎత్తడానికి చెయ్యి ఇవ్వలేదు. కొండబాబు నాతోనే ఉన్నాడు. మిగతావాళ్ళు ముఖం తిప్పుకుంటున్నారు.

నువ్వు బాధపడకు. ఊరికే రాశాను.

ఏసుదానం చిన్నాన్న

స్వర్ణా, నేను పిన్నిని. ఆయన గమ్ము కోసం కొట్టుకి ఎళ్ళాడు, ఈలోగా రాస్తన్నాను. ఆ పడవలో మీ చిన్నాన్న కూడా ఉన్నాడే. బొత్తాం నొక్కింది ఆయనే. తెరచాప కట్టొద్దు, దీపం ఎలుగుతన్నాది కదా అన్నదీ ఆయనే. ఒడిసా వాళ్ళు లాగేసరికి ఆయనకి తెలివి నేదంట. నీ కంపెనీ కదా, తెలిస్తే కుమిలిపోతావని నీకు సెప్పొద్దన్నాడు. సెప్పకుండా ఎలాగుంటాను. ఎలీసమ్మ.


విజయనగరం
2 మే 2015

చిన్నాన్నా,

పిన్ని రాసింది చదివాను. నీ మీద కోపంతో కొన్నాళ్ళు కాగితం ముట్టలేదు. "నొక్కారు" అని రాశావు. "కూర్చున్నారు" అని రాశావు. చదువుతూ నేను కొండబాబు మావయ్యనే ఊహించుకున్నాను. ఆ నాలుక చెక్కలాగ అవడం నీకెలా తెలుసని అప్పుడే అడగాల్సింది.

నువ్వు దాచింది బయటపడింది కాబట్టి నేను దాచింది కూడా విను. ఆ చిన్న ప్రోగ్రాం నేను రాసినదే. మొదట దాన్ని రెండు గదులతో రాశాను. పాతది ఒక గదిలో ఉండగానే కొత్తది రెండో గదిలో దిగాలి. మొత్తం వచ్చిందా, మధ్యలో ఏదైనా చెడిందా అని చూసుకున్నాకే దాన్ని లేపాలి. లేవకపోతే పాతదాన్నే లేపాలి. తరువాత పెట్టెలో చిన్న చిప్పు వేయాలని నిర్ణయించారు. అందులో రెండో గదికి చోటు లేదు, తీసేయమన్నారు. వద్దని రాసి ఇచ్చాను. ఆ కాగితం ఎక్కడుందో నాకు తెలియదు.

నీ రెండో ఉత్తరం వచ్చిన మర్నాడు ఒక పెట్టెను గిరిబాబు గారి బల్ల మీద పెట్టాను. ప్రోగ్రాం పంపుతూ మధ్యలో వైరు లాగాను. చచ్చింది. ఇంకో పెట్టె తెచ్చి లాగాను. అదీ చచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏటమ్మా ఇది, ఇలగ ఎవులు లాగుతారు?" అన్నారు.

"మా చిన్నాన్న లాగాడండి" అన్నాను.

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తరువాత, జిగురు పోస్తే ఎవరూ లాగలేరు కదా అన్నారు. బ్యాటరీ అయిపోతే జిగురు ఏం చేస్తుందని అడిగాను. కొత్త ప్రోగ్రాం బయటికి వెళ్ళాలంటే బూట్‌లోడర్ రాసినవాళ్ళ సంతకం ఉండాలి. నా ముందు పెట్టారు. పెట్టనన్నాను. ఆ మధ్యాహ్నమే నన్ను ఆ పని నుంచి తీసేసి ఛార్జర్లు పరీక్షించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆఫీసులో నాతో టీకి వచ్చేవాళ్ళు ఇప్పుడు నేను వెళ్ళొచ్చాక వెళుతున్నారు.

నా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం ఆ సంతకం పెట్టెయ్యి. ఊరంతటినీ ఎదురుపెట్టుకుని ఎలా ఉంటావు? పిన్నికి తట్ట ఎత్తేవాళ్ళు కూడా లేకపోతే ఎలా? లోపలి నుంచి నేను పోరాడుతున్నాను కదా.

స్వర్ణ


భావనపాడు
13 మే 2015

స్వర్ణకు,

నువ్వు పెట్టని సంతకం నన్ను పెట్టమంటావేం?

తట్ట సంగతి వదిలెయ్యి. కొండబాబు ఎత్తుతున్నాడు.

నిన్న వలల పాకలో మీటింగు పెట్టారు. నా కోసమే పెట్టారు. కంపెనీ మనిషి కాగితం తెచ్చాడు. పాస్టరు గారు కూడా వచ్చారు. అందరూ నా వైపే చూస్తున్నారు. నా సంగతి నీకు తెలుసు. గుడిలో సాక్ష్యం చెప్పమంటే కూడా వెనక వరసలోకి జరుగుతాను. లేచి నిలబడ్డాను. నువ్వు మేనేజరు గారి బల్ల మీద చేసిన పని మనసులో ఉంది.

"సంతకం ఎడతాను" అన్నాను. "ముందల పెట్టెలు ఇక్కడికి తెండి. మా ఎదర పోగ్రాం పంపండి. మద్దిలో నాను వైరు లాగుతాను. పెట్టె లేస్తే అప్పుడు ఎడతాను."

కంపెనీ మనిషి నవ్వి, ఎన్నిసార్లు లాగుతావు తాతా అన్నాడు.

"సెయ్యి నొప్పెట్టేదాకా" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. గంగులు లేచాడు. మళ్ళీ ఏదో అంటాడు అనుకున్నాను. అతని కొడుకు లక్ష్ముడు కూడా అన్నాళ్ళూ ఆ పచ్చ దీపాన్నే నమ్మి వేటకి వెళ్ళి వచ్చినవాడే. గంగులు కాగితం తీసుకుని తన పేరు ఉన్నచోట వేలు పెట్టాడు. "ఇది కొట్టీండి. బావ లాగినాక ఎడతాను" అన్నాడు. వెనక ఇంకొకరు లేచారు. ఆ వెనక ఇంకొకరు.

పాస్టరు గారు ఒక మాట అన్నారు. ప్రార్థనకి తెచ్చిన వస్తువు ప్రార్థన వల్ల చెడిందని నేను సంఘానికి చెప్పలేను అన్నారు.

కంపెనీ మనిషి కాగితం మడిచి పట్టుకెళ్ళిపోయాడు. పెట్టెలు వస్తాయో రావో తెలియదు. రాకపోతే పెట్టెలు లేకుండానే పోతాం. లేదని తెలిస్తే తెరచాప కట్టుకుంటాం. ఉందనుకునే కదా కూర్చుండిపోయింది.

ఒకటి అడుగుతాను. పెట్టె చచ్చిపోతే చచ్చిపోయినట్టు కనబడేలా చేయగలవా?

ఏసుదానం చిన్నాన్న


విజయనగరం
30 మే 2015

చిన్నాన్నా,

నీ ఉత్తరం కంటే ముందే నీ మాట ఆఫీసుకి వచ్చింది. గిరిబాబు గారు నన్ను ఛార్జర్ల బల్ల దగ్గరి నుంచి పిలిపించారు. "ఎవులమ్మా ఆ ముసలాయన? చెయ్యి నొప్పెట్టేదాకా లాగుతాడట" అన్నారు.

"మా చిన్నాన్నేనండి. అన్నాడంటే లాగుతాడు."

నుదురు రుద్దుకున్నారు. ఆయన మీద పైవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. తెల్లారి వచ్చి, వేరే యంత్రాల కోసం తెప్పించిన పెద్ద చిప్పులు ఉన్నాయి, వాటిని ఈ పెట్టెల్లో వేయిస్తాను, నీ రెండు గదులు నీకు ఇస్తాను అన్నారు. ఆ మాట కోసం ఆయన పైవాళ్ళతో ఏం పడ్డారో చెప్పలేదు. నేనూ అడగలేదు. అప్పటి నుంచి ఇంటికి నిద్రపోవడానికే వస్తున్నాను.

ఇప్పుడు పెట్టె ఇలా ఉంటుంది. కొత్తది రెండో గదిలో దిగుతుంది. మధ్యలో నువ్వు వైరు లాగితే సగం రాసినది చిన్నదాని కంట పడుతుంది, దాన్ని ముట్టుకోదు, పాతదాన్నే లేపుతుంది. కొత్తది పూర్తిగా దిగినా లేవడం చేతకాకపోతే మూడుసార్లు చూసి పాతదానికి వెళ్ళిపోతుంది. ఊరికే లేచి పడుతూ బ్యాటరీ తినేయదు.

నువ్వు అడిగింది కూడా చేశాను. పచ్చ దీపాన్ని చిన్నదాని చేతిలోంచి తీసేశాను. పెద్దది లేచి, ఒడ్డున స్తంభంతోనో సముద్రంలో ఆకాశంతోనో మాట కలిశాకే పచ్చ వెలుగుతుంది. రెండు గదులూ చెడితే ఎర్ర దీపం నిలకడగా వెలుగుతుంది. అప్పుడు పెట్టె వాతావరణం చెప్పదు, దారి చెప్పదు. కానీ బొత్తాం నొక్కితే "ఇక్కడున్నాం" అన్న ఒక్క కబురు మాత్రం పంపుతుంది. ఆ మాట పంపే ముక్క ఎవరూ చెరపలేని చోట ఉంటుంది. కంపెనీ కూడా చెరపలేదు. అలా బిగించాను.

గిరిబాబు గారు ఏడో తేదీన స్వయంగా పెట్టెలు తెస్తారు. నన్ను రావద్దన్నారు, మనవాళ్ళ పక్షమని పైవాళ్ళు అంటారట. ఆ రోజు ఆఫీసులో స్క్రీను ముందు కూర్చుంటాను. ఈ పని అయ్యాక నన్ను ఉంచుతారో లేదో తెలియదు. ఉంచకపోతే ఇంకోచోట ఇదే మాట అంటాను.

గట్టిగా లాగు. నా మొహం చూసి మెల్లగా లాగకు.

స్వర్ణ


భావనపాడు
8 జూన్ 2015

స్వర్ణకు,

నిన్న ఆరాధన అయ్యాక పెట్టెలు వచ్చాయి. ముందు గుడిలో పెట్టించాం. మీ మేనేజరు గారు వద్దనలేదు. చెప్పులు ఎక్కడ విడవాలో అడిగి లోపలికి వచ్చి ప్రార్థన అయ్యేదాకా నిలబడ్డారు.

తరువాత వలల పాకలో బల్ల మీద వరసగా పెట్టి ప్రోగ్రాం పంపించారు. నేను లాగాను. గట్టిగానే లాగాను. మళ్ళీ పెట్టాను. ఏ దీపమూ లేదు. కాసేపటికి పచ్చ వెలిగింది. పాతదే లేచిందని మేనేజరు గారు ఫోనులో చూసి చెప్పారు. మళ్ళీ పంపమన్నాను. మళ్ళీ లాగాను. నా తరువాత కొండబాబు లాగాడు. గంగులు లాగాడు. బుల్లమ్మ మీ పిన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇద్దరూ చెరొకటి లాగారు. ఆఖరికి మేనేజరు గారు కూడా చొక్కా చేతులు మడిచి లాగారు. లేచాయి.

ఒక్కటి లేవలేదు. దానికి ఎర్ర దీపం వెలిగింది. నిలకడగా, మిణుకు లేకుండా. మేనేజరు గారి ముఖం వాడిపోయింది. చిప్పు అతుకు సరిగా లేదేమో, పక్కన పెట్టేద్దాం అన్నారు. నేను దాన్ని దగ్గరికి తీసుకుని బొత్తాం నొక్కాను. సముద్రంలో నొక్కిన వేలే. మేనేజరు గారి ఫోను మోగింది. విజయనగరం నుంచి ఎవరో ఆడమనిషి కబురు అందిందని చెబుతోంది. గొంతు నీదే అని మీ పిన్ని అంది. నాకు దూరం నుంచి వినబడలేదు.

ఆ ఎర్ర దీపం పెట్టె నా పడవకి ఇమ్మన్నాను. చెడిపోయినదాన్ని ఎందుకు అన్నారు. "అది సచ్చిపోనానని సెప్పింది. దాన్ని నమ్ముతాను" అన్నాను. ఇవ్వలేదు. బాగుచేసి పంపుతామన్నారు. గంగులు మాత్రం, బావ మాటలు ఉప్పు మడుల్లోంచి వచ్చీసాయి, ఇంక ఆపలేం అన్నాడు.

ఆ తరువాత సంతకం కాగితం తీశారు. మాట ఇచ్చాను కనుక పెన్ను తీసుకున్నాను. కంపెనీ రాసినదంతా అడ్డంగా కొట్టేశాను. కింద నా చేత్తో రాశాను. వైరు మేమే లాగాం, మళ్ళీ లాగుతాం అని. దాని కింద పేరు పెట్టాను. నా కింద గంగులు పెట్టాడు. అందరూ పెట్టారు. మేనేజరు గారు రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. పెట్టెలు ఇచ్చే వెళ్ళారు.

నిషేధం తీరగానే వేటకి పోతాం. నేనూ పోతాను. వద్దని మీ పిన్ని చేత చెప్పించకు. తెరచాప కూడా పడవలో పెట్టాను.

తీరిన తరువాత వచ్చే మొదటి ఆదివారం వలలూ ఇంజన్లూ పెట్టెలూ మళ్ళీ గుడికి తెస్తాం. ఆ రోజు కంపెనీ ప్రోగ్రాం పంపుతుందో లేదో మాకు చెప్పక్కర్లేదు.

ఏసుదానం చిన్నాన్న